దిగాకే టీ

మానవజాతి టీ తాగడం నేర్చిన నాటి నుంచి దానికి నియమాలెన్నో పుట్టాయి. వాటిలో అత్యంత కఠోరమైనది ఒక చిన్న విమానాశ్రయంలో విమానంలోకి సామాన్లు ఎక్కించే మనిషిది. పొద్దున్న వెళ్లిన విమానం అవతలి ఊళ్లో నేల తాకేదాకా ఆయన గ్లాసు ముట్టడు.

"బాబాయ్, చల్లారిపోతోంది," అనేది క్యాంటీన్ అమ్మాయి.

"అంతమంది గాల్లో ఉంటే నాకు గొంతు దిగుతుందా తల్లీ?"

నలభై నిమిషాలకు కాస్త అటూ ఇటూగా "దిగింది" అని ప్రకటించి గ్లాసెత్తేవాడు. ఎదురుగాలికి విమానం ఆలస్యమైతే ప్రకటనా ఆలస్యమయ్యేది. ఈ మహిమకు తోటివాళ్లు 'టవర్' అని బిరుదిచ్చారు.

మహిమ చొక్కా జేబులో ఉండేది. అవతలి విమానాశ్రయం గోడ పక్కనే ఆయన అక్క ఇల్లు. డాబా మీద బట్టలారేస్తూ, విమానం దిగడం చూసి, ఆవిడ ఒక మిస్డ్ కాల్ ఇచ్చేది. జేబు వణికేది, టవర్ పలికేది.

ఆదివారం మాత్రం నోరారా మాట్లాడుకునేవారు.

"ఒరే, నువ్వెక్కించిన పెట్టెలన్నీ వస్తున్నాయి. నువ్వెప్పుడొస్తావు?"

"ఎంతసేపే అక్కా, నలభై నిమిషాలు! ఇలా ఎక్కితే అలా దిగుతా."

"ఈ ముక్క నా జుట్టు నల్లగా ఉన్నప్పుడూ అన్నావు."

రోడ్డు మీదైతే కొండలు చుట్టుకుని పగలంతా ప్రయాణం. అంత దూరమని ఒప్పుకుని ఉంటే, ఏడాదికోసారైనా సెలవు పెట్టి బస్సెక్కేవాడేమో. నలభై నిమిషాల దూరానికి సెలవు పెడితే నలుగురూ నవ్వరూ? పైగా సిబ్బందికి ఖాళీ సీటు ఉచితం. ఆ సౌకర్యం ఆయన్ని పూర్తిగా చెడగొట్టింది.

ఈమధ్య అక్కకు దగ్గు పట్టుకుంది. "డాబా మెట్లెక్కాలంటే ఆయాసమొస్తోందిరా. ఓసారొచ్చి చూసిపో."

"ఈ రద్దీ తగ్గనీ అక్కా."

రద్దీ తగ్గింది. మళ్లీ పెరిగింది కూడా.

ఒక పొద్దున జేబు వణకలేదు. ఆయన ఆఫీసులోకి పరిగెత్తాడు. "మన విమానం దిగిందా సార్?"

"ఎప్పుడో దిగిపోయింది. ఏం టవర్, సిగ్నల్ పోయిందా?" అని అందరూ నవ్వారు.

ఆయన నవ్వలేదు. విమానానికేమీ కాలేదంటే ఏమైనట్టో ఆలోచిస్తూ నిలబడిపోయాడు. అంతలో ఫోన్ మోగింది. బావగారు.

"తెల్లవారుజామున పోయిందయ్యా మీ అక్క. నిన్న రాత్రి కూడా నువ్వొస్తావనే అంది."

మధ్యాహ్నం విమానంలో ఖాళీ సీటుంది. ఎప్పుడూ ఉండేదే. యూనిఫాం మీదనే, చేతిలో సంచీ అయినా లేకుండా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి విమానమెక్కాడు. మూత పెట్టిన టీ గ్లాసు క్యాంటీన్ బల్ల మీదే ఉండిపోయింది.

బెల్టు ఎలా పెట్టుకోవాలో పక్కాయన చూపించాడు. పగలంతా చుట్టాల్సిన కొండలు, మొహం తుడుచుకునేలోగా వెనక్కి పోయాయి. కిటికీలో గోడ కనబడింది, గోడ పక్కన డాబా, డాబా మీద ఖాళీ తాడు. కింద వాకిట్లో కుర్చీలు, జనం.

ఎదురుగాలి లేదు. విమానం వేళకే దిగింది.