గుంటకో మాట, మిషనుకో మాట

తర్లుపాడు దారిలో ఉన్న ఆ పలక గనిలో ఎలీషబా చేతిలో ఏ పనిముట్టూ ఉండదు. గుంట అంచున నిలబడుతుంది. డెబ్బై అడుగుల కింద పనిచేసేవాళ్లను చూస్తుంది. రాయిని పైకి లాగే మిషను గుంటకు దూరంగా ఉంటుంది కాబట్టి దాని డ్రైవరుకు తీగతాడు తప్ప మరేమీ కనపడదు. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు ఆపాలో ఆమే కేక వేసి చెబుతుంది. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం దాకా అదే పని.

కొత్తగా చేరినవాళ్లు నవ్వుకునేవాళ్లు. "ఈమె పని బలే ఉందే! నిలబడి కూతలేస్తే కూలిస్తారా?"

పదకొండేళ్ల కిందట అదే గుంటలో ఆమె భర్త జాషువా రాయి కింద గొలుసు సర్దుతున్నాడు. అప్పట్లో అందరూ తెలుగువాళ్లే. గునపం పట్టుకున్నవాణ్ని చూసి జాషువా "ఎత్తు" అన్నాడు. పైన మిషనువాడు కూడా ఎత్తాడు. రాయికీ గోడకూ మధ్య జాషువా కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. తప్పు ఎవరిదీ కాదని పెద్దమనుషులు తేల్చారు. ఎలీషబాకు మాత్రం తప్పు ఎక్కడుందో తెలిసింది. ఒకే మాట ఇద్దరికి పని చెప్పింది.

చర్చిలో ఆమె పాటెత్తుకుంటే రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూస్తారు. ఆ గొంతుతోనే గట్టు మీద పని అడిగి తీసుకుంది. కొన్నాళ్లకు సేలం వైపు నుంచి మురుగేశన్ మిషను డ్రైవరుగా వచ్చాడు.

"మీ ఊర్లో ఎత్తడాన్ని ఏమంటారు నాయనా?"

"నాకు తెలుగు తెలుసక్కా."

"తెలుసు కాబట్టే నా భయం. మీ మాటలు చెప్పు."

తూక్కు అంటే ఎత్తు. ఇరక్కు అంటే దించు. నిరుత్తు అంటే ఆపు. మెదువా అంటే మెల్లగా. వారం రోజులు ఉత్త గొలుసును ఎత్తించి, దించి, ఆ నాలుగు మాటలనూ అరగదీసింది. బెంగళూరులో మేడలకు సిమెంటు మోసిన ఆరేళ్లలో కన్నడం ఇట్లాగే నేర్చుకుంది. లారీ డ్రైవర్ల దగ్గర హిందీ కూడా అంతే. మాట అన్నాక పని జరిగితే ఆ మాట వచ్చినట్టు. జరగకపోతే మళ్లీ అనాలి.

రెండేళ్ల కిందట ఒడిశా నుంచి రబి, సుదామ వచ్చాక గుంటలోకి ఒడియా దిగింది. వాళ్లకు తెలుగు వచ్చినా ఆమె గుంటలోకి తెలుగు వేయలేదు. మిషనుకు తమిళం, గుంటకు ఒడియా. తెలుగు గట్టు మీద కబుర్లకే.

రెండు వారాల కిందట కంభం నుంచి మధుసూదన్ కొత్త సూపర్‌వైజరుగా వచ్చాడు. చదువుకున్న కుర్రాడు.

"ఏందక్కా, గట్టు మీద భాషల సంత పెట్టినావు? అందరికీ తెలుగు వస్తది గదా."

"సంత కాదు సార్. ఎవరి గంప వాళ్లకి."

"సరేలే, నీ గంపలు నువ్వే మొయ్" అని నవ్వి పోయాడు.

ఆ మంగళవారం పదిన్నరకు మంచమంత బండ ఒకటి గొలుసుల మీద మూరెడు లేచింది. ఇంకాస్త లేవబోతుండగా ఒకవైపు గొలుసు మూల నుంచి జారింది. బండ ఒరిగి, దాని కింది అంచు సుదామ ఎడమ కాలి పిక్క మీద పడింది. పై అంచు ఇంకా రెండో గొలుసుకే వేలాడుతోంది.

"నిరుత్తు!"

మిషను ఆగింది. సుదామ అరుపు ఆ తర్వాత వచ్చింది.

మధుసూదన్ పరిగెత్తుకొచ్చి గుంటలోకి చూశాడు. అతని ముఖం తెల్లబోయింది. "ఎత్తు! ఎత్తవయ్యా మురుగేశా, ఎత్తు!"

తీగతాడు గుంజుకుంది. అదే క్షణంలో కింద రబి కూడా గునపం దూర్చి బలంగా ఎత్తాడు. రెండు ఊపులూ తగిలి బండ గిర్రున తిరిగింది. కింది అంచు కాలి మీదే ఉండగా, పై మూల జానెడు పక్కకు వచ్చి, సుదామ తలకు బెత్తెడు దూరంలో ఆగింది. వాడి అరుపు మధ్యలోనే తెగిపోయింది.

"నిరుత్తు! మురుగేశా, నిరుత్తు!" ఎలీషబా మధుసూదన్ చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "నువ్వు ఇంకో మాటంటే మనిషి పోతాడు."

"కాలు నలుగుతా ఉందక్కా..."

"కాలు నేను చూస్తా. నువ్వు గేటు కాడికి పోయి 108కి ఫోన్ చెయ్. అక్కడే ఉండు. ఇటు రాబాక."

అతను ఆమె ముఖంలోకి ఒకసారి చూసి పరిగెత్తాడు.

నీళ్లు తోడే మోటారును ఎవరో ఆపారు. గనిలో అంత నిశ్శబ్దం ఆమె ఎన్నడూ వినలేదు. బండ ఒక్క గొలుసు మీద ఉంది. గబాలున లాగితే గోడకు కొట్టుకుని మొత్తం మీద పడుతుంది. దించితే కాలు పిండి అవుతుంది. అంగుళం లేపాలి, ఆ సందులో తుమ్మకొయ్య దిమ్మ పెట్టాలి, మళ్లీ అంగుళం లేపాలి. దిమ్మ పెట్టాలంటే రబి బండ కింద చెయ్యి పెట్టాలి. ఆ చెయ్యి లోపల ఉన్నప్పుడు తాడు కదలకూడదు.

"మురుగేశా, మెదువా. తూక్కు."

తాడు బిగిసింది. బండ అంగుళం లేచింది.

"నిరుత్తు. రబి, కాఠ రఖ." దిమ్మ పెట్టు.

రబి పెట్టాడు.

"హాత కాఢ." చెయ్యి తీయి.

తీశాడు. మళ్లీ లేచింది. మళ్లీ దిమ్మ. కాలి మీద బరువు తగ్గడం తెలిసి సుదామ మోచేతుల మీద లేవబోయాడు. ఇప్పుడు వాడు కాలు గుంజితే కింద దిమ్మలన్నీ జారిపోతాయి.

"సుదామ, టాణనా. టాణనా." లాగొద్దు.

వాడు ఆమె వైపు తలెత్తి చూసి, కళ్లు మూసుకుని వెనక్కి వాలాడు.

మూడో దిమ్మకు బండ నుంచి పటుక్కున శబ్దం వచ్చింది. ఎక్కడో పొర వీడింది. రబి చేతిలో దిమ్మ పట్టుకుని వెనక్కి జరిగాడు. చెయ్యి ముందుకు రావడం లేదు. వాడికి ధైర్యం చెప్పడానికి ఎలీషబా దగ్గర ఒక్క ఒడియా మాట కూడా లేదు. ఉన్నవన్నీ పని మాటలే. గొంతు పెంచితే వాడి భయం పెరుగుతుందని ఆమెకు తెలుసు. రోజూ ఏ గొంతుతో అంటుందో అదే గొంతుతో, అంతే నింపాదిగా అన్నది.

"రబి, కాఠ రఖ."

రబి ఊపిరి బిగబట్టి చెయ్యి పెట్టాడు. దిమ్మ కూర్చుంది.

"హాత కాఢ... మురుగేశా, మెదువా తూక్కు... నిరుత్తు."

పిక్కకూ బండకూ మధ్య నాలుగు వేళ్ల సందు కనపడింది.

"సుదామ, టాణ!"

రబి వాడి చంకల కింద చేతులు వేసి లాగాడు. కాలు బయటికి వచ్చింది. ఇద్దరూ గోడదాకా పాకాక ఆమె "ఇరక్కు" అన్నది. దిమ్మలు విరుగుతున్న చప్పుడుతో బండ కూర్చుంది.

చెక్క మీద కట్టి సుదామను పైకి తెచ్చేసరికి అంబులెన్సు వచ్చింది. తోడు ఒక్కరినే ఎక్కనిస్తామన్నారు. "నువ్వే పో మాఉసీ, డాక్టరుతో నేను ఏం మాట్లాడతా" అన్నాడు రబి. పిన్ని అన్న ఆ ఒక్క మాట తప్ప అంతా తెలుగులోనే. సుదామ దారి పొడవునా పై పెదవిని పళ్లతో నొక్కిపట్టి పడుకున్నాడు.

మార్కాపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ ప్యాంటు కత్తిరించి చూసింది. ముఖం ముడుచుకుంది.

"ఎముక విరిగింది, అది కట్టుకుంటది. పాదానికి రక్తం అందుతుందా లేదా అనేదే నా బెంగ. నొప్పి ఎక్కడి దాకా తెలుస్తా ఉందో అడుగమ్మా. పాదం మొద్దుబారి ఉంటే ఇప్పుడే పెద్దాసుపత్రికి పంపాలి. లేటయితే కాలు తీసేస్తారు."

"సుదామా, నొప్పుందా?"

వాడు తెలుగు మర్చిపోయినట్టు కప్పు వైపు చూస్తున్నాడు.

ఎలీషబా ఒడియాలో అడగబోయింది. నోరు తెరిచాక తెలిసింది, మాట లేదని. పట్టుకో, పెట్టు, లాగు, వదులు, ఆగు అన్నీ ఉన్నాయి. రెండేళ్లు ఒకే గట్టు మీద సద్దిమూటలు విప్పుకున్నారు. నొప్పిని వాళ్లు ఏమంటారో ఒక్కరోజూ అడగలేదు. చెవుల దాకా సిగ్గు పాకింది.

ఫోన్ తీసి రబికి కలిపింది. "నొప్పుందా అని మీ మాటలో ఎట్ల అడగాలిరా? తొందరగా చెప్పు."

రబి చెప్పాడు. ఆమె రెండుసార్లు పలికి సరిచూసుకుంది. సుదామ చెవి దగ్గరికి వంగింది.

"సుదామ, గోడ బింధుఛి కి?" కాలు నొప్పిగా ఉందా?

వాడి పెదవి పళ్లలోంచి జారింది. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపంతా ఒక్కసారిగా వచ్చింది.

"బింధుఛి, మాఉసీ! బహుత బింధుఛి!" పిక్క నుంచి చెయ్యి జరుపుతూ, మడమ మీదుగా, అందినంత దూరం వేళ్ల వైపు చూపించాడు.

డాక్టరమ్మ బొటనవేలిని గట్టిగా గిల్లింది. సుదామ కెవ్వున అరిచి కాలు వెనక్కి లాక్కోబోయాడు.

"నొప్పుందంట మేడం" అన్నది ఎలీషబా. "వేళ్ల దాకా ఉందంట."