తాగనివాడి కనురెప్పలు

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది నేను నెల్లూరులోని ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రిలో కనురెప్పల విభాగానికి సీనియర్ కన్సల్టెంటుగా చేరాను. నా ఉద్యోగంలో అదే చివరి మజిలీ. కంటి డాక్టర్లంటే శుక్లాలు తీసేవాళ్ళనే చాలామంది అనుకుంటారు. నా పని కంటి చుట్టూ ఉండే భాగాలది: వాలిపోయిన రెప్పలు, లోపలికి తిరిగి గుడ్డుకు గుచ్చుకునే వెంట్రుకలు, కన్నీటి గొట్టాలు. అందం కోసం చేసే రెప్పల ఆపరేషన్ కూడా అందులో ఒకటి. దాన్ని మేము బ్లెఫరోప్లాస్టీ అంటాం. వయసుతో పైరెప్ప మీద మడతలు పడిన చర్మాన్ని కొంత కత్తిరించి, కిందిరెప్పలో ఉబ్బిన కొవ్వు సంచుల్ని తగ్గిస్తాం. అంతే.

ఆ చలికాలంలో తోటపల్లి గూడూరు వైపు నుంచి దేవదానం గారని ఒక పెద్దమనిషి వచ్చారు. అరవైకి దగ్గర వయసు, రొయ్యల గుంటల సాగు. భార్యను బయట వరండాలో కూర్చోబెట్టి ఒక్కరే లోపలికి వచ్చారు. పైరెప్పల చర్మం వెంట్రుకల మీదికి జారి ఉంది. కళ్ళ కింద సంచులు బాగా ఉబ్బి, చూపు ఎప్పుడూ మత్తుగా ఉన్నట్టు కనిపిస్తుంది. చూపుకు అడ్డం వస్తున్నాయా అని అడిగితే లేదన్నారు. పక్కచూపు పరీక్ష చేయించాను. అందులోనూ లోటు లేదు. మరెందుకు అని అడిగాను.

తల వంచుకునే చెప్పారు.

"నేను తాగను మేడం. జీవితంలో ఒక్క చుక్క ముట్టింది లేదు. మా నాయన తాగి తాగి పోయినాడు, అందుకే దాని జోలికి పోలేదు. కానీ నా మొహం చూసి అందరూ తాగుబోతే అనుకుంటారు. రొయ్యల మేత కంపెనీవాళ్ళు పొద్దన్నే ఫోన్ చేసి 'లేచినావా అన్నా, దిగిందా' అంటారు. నవ్వి ఊరుకున్నా ఇన్నాళ్ళు. మొన్న మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టర్ గారు పక్కకు పిలిచి, నీ కోసం ప్రార్థన చేస్తా ఉండా, ఆ అలవాటు మానుకో బ్రదర్ అన్నాడు. ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినలేదు."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను అద్దం చేతికిచ్చి ఏం చేయగలనో, ఏం చేయలేనో వివరించాను. చర్మం ఎంత తీయాలో కూర్చోబెట్టే గుర్తు పెడతాం. పడుకుంటే రెప్ప జారే తీరు మారిపోతుంది. రెప్పకు మాత్రమే మత్తు సూది ఇస్తాం, కోత పైరెప్ప మడతలోనే దాగిపోతుంది. వారం తరువాత కుట్లు తీస్తాం. మొదటి రోజుల్లో వాపు, నల్లగా కమిలిన మచ్చలు, కళ్ళలో ఇసుక పడ్డట్టు గరగర ఉంటాయి. అసలు రూపం తేలడానికి నెలలు పడుతుంది.

"మళ్ళీ వాలకుండా గట్టిగా తీసేయండి మేడం" అన్నారు.

తీయనని చెప్పాను. చర్మం ఎక్కువ కత్తిరిస్తే రాత్రి నిద్రలో రెప్పలు పూర్తిగా మూసుకోవు. నల్లగుడ్డు ఎండిపోతుంది. రోజంతా ఉప్పుగాలిలో, గుంటగట్ల మీద తిరిగే మనిషికి అది చూపు పోయేదాకా వస్తుంది. కాస్త తక్కువ తీస్తే మళ్ళీ తీసుకోవచ్చు, ఎక్కువ తీస్తే తిరిగి పెట్టడం చాలా కష్టం.

ఆయన ఒప్పుకున్నారు. భార్యను లోపలికి పిలవమన్నప్పుడు మాత్రం ఇబ్బందిపడ్డారు. తనకు శుక్లం ఆపరేషన్ అని ఆమెతో చెప్పారట. మగవాడు అందం కోసం కోయించుకుంటున్నాడంటే ఊళ్ళో నవ్వుతారని భయం. ఇంట్లో చూసుకునే మనిషికి నిజం తెలియకపోతే నేను కత్తి పట్టనని చెప్పాను. చివరికి ఆయనే వెళ్ళి పిలుచుకొచ్చారు.

సలోమి గారు అంతా విని భర్తను ఎగాదిగా చూశారు. "ఈ వయసులో సోకులేందండీ మీకు?" అన్నారు. పాస్టర్ గారి సంగతి ఆయన చెప్పాక కోపం పోయింది. "నాతో చెప్పగూడదా? నేనే పోయి అడిగుందును గదా ఆయన్ని" అని మాత్రం అన్నారు.

నేను ఆమెకు అన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పాను. తల ఎత్తులో పెట్టి పడుకోవాలి. మొదటి రెండు రోజులు శుభ్రమైన గుడ్డలో ఐస్ చుట్టి అద్దాలి. వంగకూడదు, బరువులు ఎత్తకూడదు. కొంచెం నొప్పి మామూలే. కానీ ఒక కన్ను ఉన్నట్టుండి రాయిలా గట్టిపడి, విపరీతంగా నొప్పి పుట్టి, చూపు మసకబారితే మాత్రం పడుకోబెట్టవద్దు, మాత్ర వేసి చూద్దామనుకోవద్దు, వెంటనే బయలుదేరాలి. కంటి వెనక రక్తం చేరితే అది చూపు నరాన్ని నొక్కేస్తుంది. చాలా అరుదు, కానీ ఆలస్యమైతే చూపు తిరిగి రాదు.

ఫిజీషియన్ చేత బీపీ చూపించి, దేవదానం గారు గుండె కోసం వేసుకునే, రక్తాన్ని పలచబరిచే మాత్రను ఆ డాక్టరు సలహా మీద కొన్నాళ్ళు ఆపించి, నాలుగు రెప్పలకూ ఆపరేషన్ చేశాను. ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. మర్నాడు కట్టు విప్పినప్పుడు అద్దం చూసుకుని దేవదానం గారు హడలిపోయారు. "ఇప్పుడు తాగి కొట్లాట కూడా పెట్టుకున్నట్టుండా మేడం" అన్నారు. సలోమి గారు నవ్వు ఆపుకోలేకపోయారు.

ఆ తరువాతి తెల్లవారుజామున వాళ్ళ గుంటల దగ్గర కరెంటు పోయింది. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగితే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. కాస్త ఆలస్యమైనా పంటంతా పోతుంది. కాపలావాడు జనరేటర్ స్టార్ట్ కావడం లేదని ఫోన్ చేశాడు. ఈయన భార్యకు చెప్పకుండా మోటార్ సైకిల్ మీద వెళ్ళి, వంగి, హ్యాండిల్ పట్టుకుని బలంగా తిప్పారు. జనరేటర్ పని చేసింది. గట్టు మీద నిలబడి ఉండగానే ఎడమ కన్ను పగిలిపోతున్నట్టు నొప్పి మొదలైందట.

ఇంటికి వచ్చి, కాసేపు పడుకుంటే తగ్గుతుందన్నారట. సలోమి గారు ఆయన కుడి కన్ను చేత్తో మూసి, ఎడమ కంటితో తన వేళ్ళు లెక్కపెట్టమన్నారు. ఆయన చెప్పలేకపోయారు. ఆమె చీర కూడా మార్చుకోలేదు. పక్కింటివాళ్ళ కారు అడిగి, దారిలోనే నాకు ఫోన్ చేశారు. "డాక్టరమ్మా, మీరు చెప్పినట్టే అయినాది. కన్ను రాయి మాదిరి ఉండాది. వస్తా ఉండాం."

నేను ఆసుపత్రికి చేరి, చిన్న ఆపరేషన్ గది సిద్ధం చేయించి ఉంచాను. ఆయన రాగానే స్కానింగుల జోలికి పోలేదు. ఎడమ కంటి కుట్లు విప్పి, కంటి బయటి మూలను చిన్న కోతతో వదులు చేశాను. గడ్డకట్టిన రక్తం బయటికి వచ్చింది. ఇంకా కారుతున్న చిన్న రక్తనాళాన్ని వేడితో మూశాను. గుడ్డు మెల్లగా మెత్తబడింది. అంతసేపూ సలోమి గారు తలుపు బయట నిలబడి గొంతు పైకి రాకుండా ప్రార్థన చేస్తూనే ఉన్నారు. మధ్యాహ్నానికి ఆయన గోడ మీద చార్టులో పెద్ద అక్షరం చదివారు. మర్నాడు దాదాపు అన్ని వరుసలూ చదివారు.

వాపు తగ్గాక ఎడమ కంటి మూల మళ్ళీ కుట్టాను. నెలలు గడిచేసరికి మొహం తేటపడింది. ఎడమ రెప్ప కుడిదానికంటే వెంట్రుకవాసి తేడాగా ఉంటుంది. చెబితే తప్ప ఎవరికీ కనిపించదు. నాకు కనిపిస్తుంది.

చివరిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆపరేషన్ తరువాత సంగతులు సలోమి గారే చెప్పారు. ఊళ్ళో అందరూ మొహం బాగుపడిందన్నారట. కారణం మాత్రం వాళ్ళే తేల్చుకున్నారు. దేవదానం తాగుడు మానేశాడు! మేత కంపెనీవాళ్ళు అభినందించారట. పాస్టర్ గారైతే ఒక ఆదివారం ఆరాధనలో ఆయన పేరు పిలిచి, తాగుడు నుంచి విడుదల పొందిన సంగతి లేచి సాక్ష్యం చెప్పమన్నారట.

"మరి ఏం చేశారు?" అని దేవదానం గారిని అడిగాను.

"లేచినాను మేడం. నేను ఏనాడూ తాగలేదు, కాబట్టి మానిందీ లేదు. నెల్లూరు పోయి రెప్పలు కోయించుకున్నా, మీ మాటలు పడలేక. ఒక కన్ను పోవాల్సింది, మా ఆడమనిషి కాపాడింది. నా సాక్ష్యం ఇదే అని చెప్పి కూర్చున్నా. ఎవరూ ఆమెన్ అనలేదు."

"తర్వాత పాస్టర్ గారు ఇంటికొచ్చి క్షమించమన్నాడు, అది కూడా చెప్పండి" అన్నారు సలోమి గారు.

తరువాతి నెలల్లో అదే సంఘం నుంచి ముగ్గురు ఆడవాళ్ళు నా ఓపీకి వచ్చారు, రెప్పలు చూపించుకోవడానికి.

ఈ కేసు నాకు రెండు విషయాలు నేర్పింది. ఇంట్లో మనిషికి నిజం చెప్పించకుండా అందం ఆపరేషన్ ఏదీ చేయకూడదన్నది మొదటిది. దాన్ని ఉద్యోగం వదిలేవరకు పాటించాను. రెప్ప మీది చర్మాన్ని నేను తీయగలను, ఎదుటివాళ్ళ మనసులో స్థిరపడ్డ అభిప్రాయాన్ని తీయలేను అన్నది రెండోది. దాన్ని అద్దం చేతికిచ్చేటప్పుడే ప్రతి పేషెంటుకూ చెప్పేదాన్ని. విన్నవాళ్ళలో కొందరు ఆలోచించుకుంటామని లేచి వెళ్ళిపోయారు. వాళ్ళను నేను వెనక్కి పిలవలేదు.