అష్టమినాడు ఎదురెక్కిన కాలవ

ఆ ఏడు సముద్రం మా కాలవలోకి ఎక్కడానికి మా మావయ్య తిథి లెక్క తప్పడమే కారణమని మావాళ్ళు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. ఆ రోజు అష్టమే. పంచాంగం చూసింది నేను. నాకు పంచాంగం చూడడం రాదనే మాట కూడా ఒకటుంది గాని, అది మా అత్తయ్య పుట్టించింది.

రాజోలు దాటి సముద్రం దిక్కుగా వెళితే మావయ్య ఊరు. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకు, కాలేజీ ఇంకా తెరవని ఆషాఢంలో నేనక్కడ ఉన్నాను. చేలల్లోని వాననీరు మురుగు కాలవలో పడి సముద్రంలోకి పోతుంది. పోటు వస్తే ఉప్పునీరు అదే దారిన వెనక్కి వస్తుంది కనుక కాలవకు అడ్డంగా మట్టికట్ట వేస్తారు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దది. అష్టమికి చిన్నది, కట్ట దాకా రాదు. అందుకని అష్టమినాడు కట్టకు గండి కొట్టి, నిలిచిన వాననీటిని వదిలేయడం అక్కడి రివాజు. ఆ గండి పక్కనే మావయ్య నారుమడి. ఆయనకున్న నారంతా అదే. దానికి ఉప్పు తగిలితే ఆ ఏడు ఊడ్పులు లేనట్టే.

పొద్దున్న గండి కొట్టారు. మధ్యాహ్నం భోజనాల దగ్గరుండగా పాలేరు పరుగెత్తుకొచ్చాడు.

"కాలవ ఎదురెక్కతందండి!"

"అష్టమినాడు పోటేంట్రా? కల్లు గాని తాగేవా?" అన్నాడు మావయ్య.

"ఆయ్, నేనూ నమ్మలేదండి. నోట్లో పోసుకుంటే ఉప్పండి!"

ఎంగిలిచేతులతోనే అందరం పరుగు. కొద్ది రోజులుగా నైరుతి గాలి పాకల మీద తాటాకులు లేపేస్తోంది. సముద్రం హోరు వంటింట్లోకి వినిపిస్తోంది. అయినా అందరూ తిథిని చూశారు గాని అలలను చూడలేదు.

వేసిన మట్టి వేసినట్టే కొట్టుకుపోతుంటే అత్తయ్య పశువుల పాక తలుపు ఊడబీకించి తెప్పించింది. దాన్ని గండికి అడ్డం పెట్టి, వీపు ఆనించి మావయ్య బురదలో చతికిలబడ్డాడు.

"కదిలేరంటే ఒట్టే! ఇన్నేళ్ళ కాపురంలో మీరు అక్కరకొచ్చింది ఇవాళే!" అంది అత్తయ్య.

ఆడవాళ్ళం చీరలు ఎగ్గట్టి కొబ్బరిమట్టలూ బురదా అందించాం. ఉప్పునీరు నారుమడి గట్టు దాకా వచ్చి ఆగింది. కట్టకు ఇవతల చిక్కుకున్న పండుగప్ప చేపలు ఎగిరెగిరి పడుతుంటే, ఏడవవలసిన వాళ్ళం కేరింతలు కొట్టాం. ఒకటి అత్తయ్య ఒళ్ళోకే దూకింది. ఆ సాయంత్రం వీధంతా పులుసు వాసన.

తింటూ నా వాదన మొదలుపెట్టాను. "పోటు చిన్నదే అత్తయ్యా. గాలికి లేచిన అలలు ఒడ్డున విరుగుతూ నీటిని తోస్తూనే ఉంటాయి. వాకిట్లో నీళ్ళని చీపురుతో గోడకేసి తోసేరనుకోండి, తోస్తున్నంతసేపూ గోడ దగ్గర ఎత్తుగా నిలబడవూ? ఆ ఎత్తు పోటుకు తోడైంది."

"వాకిలి ఊడవమంటే కదలవు గాని, నీకెందుకే చీపురు కబుర్లు?"

మర్నాటికి గాలి పూర్తిగా పడిపోయింది. కాని రాత్రి కురిసిన వానకు మడి నిండి, నారు కొసలు మాత్రమే కనిపిస్తున్నాయి. గండి కొడితే ఉప్పు, కొట్టకపోతే కుళ్ళు.

"గాలి లేదు గదా కోడలా, నీ లెక్కన కొట్టేయొచ్చు గదా?" అంటూ మావయ్య పార తీశాడు.

నా లెక్క నాకే తిరగబడినప్పుడు నా గొంతు పెరుగుతుంది. "ముందు ఒడ్డుకెళ్ళి చూద్దాం రండి!" అన్నాను.

వెళ్ళి చూస్తే కొబ్బరాకు కదలడం లేదు. అలలు మాత్రం నిన్నటంతేసి. నున్నగా, తీరుబడిగా వచ్చి విరుగుతున్నాయి. తిరిగొచ్చి చూస్తే కట్ట అవతల నీరు వేలెడైనా దిగలేదు. మావయ్య నారు వంకా నీటి వంకా చూసి పార కింద పెట్టాడు.

"ఇంకో పూట ఓర్చుకో తల్లీ," అన్నాడు. నాతో కాదు, నారుతో.

మరునాడు అలలు అణిగాయి, కాలవలో నీరు దిగింది, గండి మళ్ళీ తెరిచారు. వాననీరంతా గలగలా పోయింది. నారు పచ్చగా తలెత్తేసరికి మావయ్య గట్టుమీద చిందులేశాడు. పాక తలుపు ఉబ్బిపోయిందని అత్తయ్య ఏడాదంతా సణిగింది.

ఇంత జరిగినా ఊళ్ళో నిలిచింది తిథి తప్పిన మావయ్య కథే. నిలవనీండి, నా పోరు నేను మానను. నన్ను తొలిచేది వేరే ఉంది. మా ఊళ్ళో ఆకు కదలని రోజున మా నారుకు ఊపిరాడకుండా చేసిన ఆ అలలు ఎక్కడి గాలికి లేచాయి, ఎంత దూరం నడిచి మా ఒడ్డుకు వచ్చాయి?