జెట్టీ లేని దారి

వానలు ముదిరాక డాలీగంజ్‌లోని మా ఇంట్లో రేకుపెట్టె తెరవాలంటే నాకు జంకు. మూత ఎత్తగానే బూజుపట్టిన కాగితం వాసన, దాని వెనకే డీజిలు వాసన, అడుగునుంచి ఎండు నెత్తళ్ళ వాసన వచ్చి, అమ్మ తమ్ముడు, తుష్నాబాద్ లైన్లో బస్సు నడిపిన మా మావయ్య పక్కనే నిలబడ్డట్టు ఉంటుంది. ఇవాళ తెరవక తప్పింది కాదు. ఆయన నాతో చదివించుకున్న నవల అందులోనే ఉంది.

తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వలలతో ఈ దీవికి వచ్చిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు మాట్లాడడమే గాని చదవడం ఎవరికీ రాదు. బడిలో అంతా హిందీయే. అమ్మమ్మ ఒక్కతే మెయిన్‌లాండ్‌లో అయిదు దాకా చదివిన మనిషి. ఏడాదిలో ఎనిమిది నెలలు కురిసే వానల్లో, పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని, బొగ్గుముక్కతో గచ్చు మీద అక్షరాలు దిద్దించేది. అక్షరానికొక కాల్చిన పనసపిక్క లంచం. నాకు చదువు అబ్బింది పిక్కల మీద ఆశతోనే.

ఆ నవలను ఎవరో ప్రయాణికుడు బస్సులో మరిచిపోయాడు. ఏ దేశపు కథో, తెలుగులోకి ఎవరు తెచ్చారో, చాలా పేరున్న పుస్తకమట. అడగడానికి ఎవరైనా వస్తారేమోనని మావయ్య చాలా రోజులు దాన్ని స్టీరింగు ముందే పెట్టుకు తిరిగాడు. ఎవరూ రాకపోయేసరికి నా ఒళ్ళో పడేశాడు.

"ఒలే అమ్మీ, సదివి సెప్పు. అట్ట మీద రోడ్డుంది సూడు. పక్కా డ్రైవరు కతే!"

సెలవు రోజుల్లో ఆయన పక్కన, కాళ్ళకు సెగ తగిలే ఇంజను మూత మీద గోనెసంచి పరుచుకుని కూర్చునేదాన్ని. సిప్పీఘాట్ దగ్గర సునామీకి మునిగిన పొలాల్లో ఉప్పునీళ్ళు, వాటిలో తలలు ఊడిన కొబ్బరి మొండేలు, తరువాత పోకతోటలు, తడిసిన మట్టి వాసన, చివరికి తుష్నాబాద్‌లో అరగంట ఆగే చోట అల్లం టీ, వేడి సమోసా. ఆ అరగంటలోనే నేను కూడబలుక్కుని రెండు పేజీలు చదివేదాన్ని. ఇద్దరు స్నేహితులు డొక్కు కారేసుకుని దేశం మీద పడి తిరుగుతారు. మావయ్య టీ చల్లార్చుకుని మరీ వినేవాడు.

నాలుగు రోజులు నడిపినా రోడ్డు అయిపోలేదని ఒకచోట రాసి ఉంది. అది అచ్చుతప్పనుకున్నాను. మా దీవిలో ఏ రోడ్డయినా ఎంతసేపు పోతుంది? సముద్రం అడ్డొస్తే జెట్టీ ఉంటుంది, బండిని బోటెక్కించాలి, లేదా వెనక్కి తిప్పుకోవాలి. అందుకని నేనే సరిదిద్ది, ఇక్కడ జెట్టీ వచ్చింది, కారును బోటెక్కించారు అని చదివాను. "మరి! రాకెక్కడికి పోద్ది," అన్నాడు మావయ్య. మరిచిపోకుండా ఆ వాక్యం పక్కన పెన్సిలుతో చిన్న పడవ బొమ్మ గీశాను. పుస్తకం సగమయ్యేసరికి పడవలు పదకొండు.

అది అచ్చుతప్పు కాదని భూగోళం పాఠంలో తెలిసింది. సరిగ్గా అప్పుడే మావయ్య వైజాగ్ ఓడకు అన్నిటికన్నా చవకైన బంక్ టికెట్టు తెచ్చుకున్నాడు. లారీ మీద క్లీనరుగానైనా ఎక్కి రోడ్డు అయిపోయేదాకా పోతానన్నాడు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. అమ్మమ్మ జంతికలు వండి డబ్బాకెత్తింది, ఇరుగుపొరుగు వాళ్ళు అక్కడి బంధువులకిమ్మని ఎండుచేపల పొట్లాలు తెచ్చి గుమ్మంలో పెట్టారు. ఇల్లంతా సంబరం, నాకొక్కదానికే గుండెల్లో రాయి. నాన్న ఎప్పుడూ సముద్రంలో వేట మీదే. నాకు తెలిసిన లోకమల్లా ఆ బస్సు. వెళ్తే ఈయన తిరిగిరాడు అనిపించింది.

చివరి ప్రకరణం ముందే ఒంటరిగా చదివేశాను. కథలో ఆ స్నేహితులిద్దరూ వెనక్కి రారు. కాని తుష్నాబాద్‌లో టీ తాగుతూ మావయ్యకు నేను చదివింది వేరు. తుఫాను సిగ్నలు పడింది, బోట్లు ఆపేశారు, ఇద్దరూ జెట్టీ మీద మూడు రోజులు కూర్చుని ఇంటికి తిరిగొచ్చేశారు.

"ఎనక్కొచ్చేసినారా? అంత దూరం ఎల్లి?"

"ఔను మావా."

"ఓర్నీ! ఆళ్ళకే అవ్వనేదు. చల్, మనకేటవుద్ది."

మర్నాడు టికెట్టు వాపసిచ్చేశాడు. ఒంట్లో బాగోలేదని ఇంట్లో చెప్పాడు. పొట్లాలు ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. ఓడ వెళ్ళిన రోజు సిప్పీఘాట్ దగ్గర బస్సు ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు. "అరే భయ్యా, చలో!" అని వెనకనుంచి కేకలేసేదాకా కదల్లేదు. నేను ఆ వారమంతా జంతికలు తింటూ సంతోషంగా ఉన్నాను. ఇప్పుడు తలచుకుంటే నన్ను నేనే క్షమించుకోలేను.

ఆయన ఆ లైను దాటలేదు. రెండేళ్ళ కిందట ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డప్పుడు, ఆ పుస్తకం మళ్ళీ చదవమన్నాడు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివి, తప్పు ఒప్పేసుకుందామనుకున్నాను. మొదటి పడవ బొమ్మ దగ్గర ఆగకుండా ముందుకెళ్ళాను. ఆయన వేలు తెచ్చి దాని మీద పెట్టాడు.

"జెట్టీ ఒగ్గేసినావు అమ్మీ."

జెట్టీ వచ్చింది మావా, కారును బోటెక్కించారు, అన్నాను. పదకొండు చోట్లా అలాగే అన్నాను. చివరి ప్రకరణం మొదలుపెట్టక ముందే ఆయన కన్ను మూశాడు.

పోయినేడు పని మీద వైజాగ్ వెళ్ళి, అక్కణ్ణుంచి డ్రైవరు వెనక సీట్లో రోజంతా బస్సు ప్రయాణం చేశాను. ప్రతి మలుపులోనూ నీళ్ళ కోసం చూశాను. రోడ్డు అయిపోలేదు. పక్కనున్నావిడ ఎందుకేడుస్తున్నావని అడిగితే కళ్ళలో దుమ్మన్నాను.

మావయ్య బస్సు ఎప్పుడో తుక్కుకు పోయింది. ఆ టీకొట్టూ లేదు. తెలుగు ఇంట్లో మాట్లాడుతుందే గాని మా అమ్మాయికి ఒక్క అక్షరం రాదు. ఇందాక పెట్టె దగ్గరికొచ్చి, "మమ్మీ, ఇన్ని నావలు ఎందుకేసినారు?" అని అడిగింది. చెబుదామని చివరి ప్రకరణం తీశాను. తేమకు పేజీలన్నీ ముద్దకట్టాయి. విడదీయబోతే పొరలుగా ఊడి చేతిలోకొచ్చాయి. పుస్తకంలో వాళ్ళు నిజంగా ఎక్కడికి చేరారో ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. నాకు గుర్తున్నది ఒక్కటే. బోట్లు ఆపేశారు, ఇద్దరూ జెట్టీ మీద కూర్చున్నారు.