పెళ్లిచూపుల్లో దేవుడి సంగతి

నాందేడ్‌లో స్థిరపడ్డ మా తెలుగువాళ్ల పెళ్లిచూపులకు ఒక మరాఠీ అలవాటు అంటుకుంది. అమ్మాయి పోహే, అంటే అటుకుల ఉప్మా, పళ్లెంలో తెచ్చి పెడుతుంది, అబ్బాయి బుద్ధిమంతుడిలా తింటాడు. నేను తినలేదు. మొదటి చెంచా ఎత్తేలోపే అమ్మాయి నాన్న నన్ను దేవుడి గురించి అడిగారు.

అప్పటికి నేను ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. అమ్మాయి అక్కడే లెక్కలు చెప్పేది, స్టాఫ్ రూములో నాకు ఎదురు కుర్చీ. నచ్చావని చెప్పడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ముందు తన నాన్నను ఒప్పించమని చెప్పడానికి ఆమెకు అర నిమిషం కూడా పట్టలేదు. అంతకుముందు రెండు సంబంధాలు నా నోటి దురుసుతోనే చెడిపోయాయి, వాటికి నేను బాధపడలేదు. ఇది చెడితే మాత్రం తట్టుకోలేను. అందుకే నా వెంట వచ్చిన మేనమామ ఆటోలో దారి పొడుగునా ఒకటే మాట చెప్పాడు.

"దేవుని ముచ్చట అస్తె నోరు మూసుకో. లేడన్నవంటె పిల్లనియ్యరు."

అమ్మాయి నాన్న బస్సు డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. గోళ్ల కింద గ్రీజు నలుపు ఇంకా పోలేదు. జీతమెంతో అడగలేదు, ఇల్లు ఎక్కడో అడగలేదు.

"బాబూ, దేవుని నమ్ముతవా?"

మామ నా కాలు తొక్కాడు. అబద్ధం చెప్పేద్దామనే అనుకున్నాను. కానీ లోపలి గుమ్మం దగ్గర ఆమె నిలబడి ఉంది. ఆమె వింటుండగా అబద్ధం నోట రాలేదు.

"నమ్మను కాకా," అన్నాను.

మామ కళ్లు మూసుకున్నాడు. పెద్దాయనకు కోపం రాలేదు సరికదా, కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"ముప్పై ఏండ్లల్ల దానంతటది స్టార్టయి చాలైన బండిని ఒక్కదాన్ని సూడలె. తాళం తిప్పెటోడు ఉండాలె. గింత పెద్ద జగత్తు ఎవ్వలు తిప్పకుండ ఎట్ల చాలైతది?"

"మరి ఆ తిప్పెటాయనను ఎవలు చాలు చేసిండ్రు?"

"ఆయనకు తాళం అక్కర్లేదు. మొదటి సంది ఉన్నడు."

"తాళం అక్కర్లేనిది ఒకటి ఉండొచ్చంటె, అది జగత్తే ఎందుకు కావద్దు? బండ్లు ఎట్ల చాలైతయో మీరు చూసిండ్రు. జగత్తు చాలైంది మీరు చూడలె, నేను చూడలె."

పనికిరాని బోల్టును పక్కన పెట్టినట్టు ఆయన ఆ మాట పక్కన పెట్టేసి, ఇంకోటి అందుకున్నారు. "గేర్‌బాక్స్ ఇప్పి చూసినవా? పండ్లల్ల పండ్లు ఎంత సక్కగ కూసుంటయ్. తెలివిగల్లోడు చేస్తెనే గట్లుంటది. మనిషి ఒళ్లు గంతకంటె మేలు గేర్‌బాక్స్."

అక్కడైనా ఆగవలసింది. కానీ నాకు పాఠం చెప్పే పూనకం వచ్చేసింది. "గేర్‌బాక్స్ ఒక్కడు చెయ్యలె కాకా. వంద మంది కూడి, ఎన్నో చెడగొట్టి చేసిండ్రు. ఆ లెక్కన దేవుళ్లు గూడ వంద మంది కావాలె."

"ఉన్నరు గద, ముప్పై మూడు కోట్లు," అన్నారు తడుముకోకుండా.

గుమ్మం దగ్గర నవ్వు వినిపించింది. నాకు రోషం వచ్చింది. అప్పుడే ఆయన మోకాలు రుద్దుకోవడం చూశాను.

"నొస్తదా?"

"పదేండ్ల సంది."

"నాలుగు కాళ్ల జంతువు మోకాలును తరతరాలు సర్దుకుంట సర్దుకుంట వచ్చిందిది. కొత్తగ గీసి చేసింది కాదు. గిట్ల అరిగే పార్టును మీ డిపోల పాస్ చేస్తుండ్రా?"

ఆయన నిజాయితీగా ఆలోచించారు. "చెయ్యం. వాపస్ పంపుతం." ఇద్దరం గట్టిగా నవ్వాం. మామ ఒక్కడే నవ్వలేదు. నేనైతే గెలిచాననే అనుకున్నాను.

ఆయన నవ్వు ఆపి గొంతు తగ్గించారు. "గవన్ని ఇడిచిపెట్టు బాబూ. నీకు దేవుని భయం లేదు. రేపు ఎవ్వలు చూడని కాడ నా బిడ్డను ఏడిపిస్తె, ఎవలికి జవాబు చెప్తవ్?"

దీనికీ నా దగ్గర వాదన ఉంది. మనకు భయం అవసరమైనంత మాత్రాన దేవుడు ఉన్నట్టు రుజువు కాదు. దేవుడంటే భయపడేవాళ్లూ పెళ్లాలను ఏడిపిస్తూనే ఉన్నారు. కానీ ఆయన రుజువు అడగడం లేదు. ఒక తండ్రి తన బెంగ చెప్పుకుంటుంటే ఇంతసేపూ మార్కులు వేసుకుంటూ కూర్చున్నందుకు సిగ్గేసింది.

"తెల్వది కాకా," అన్నాను. "మీకు చెప్తనంటె, మీరు ఎప్పటికి ఉండరు."

మామ మళ్లీ నా కాలు తొక్కాడు, ఈసారి మడమతో. ఇక అయిపోయిందనుకున్నాను. అంతలో ఆమె గుమ్మం దాటి వచ్చి నాన్న పక్కన నిలబడింది.

"నాకు చెప్తడు బాపూ. అడిగెటందుకు నేనున్న గద."

పెద్దాయన బిడ్డ ముఖంలోకి ఒకసారి చూశారు. తర్వాత మామ వైపు తిరిగి ముహూర్తాల సంగతి ఎత్తారు. మంచి ముహూర్తానికి రుజువేమిటని నేను అడగలేదు.

పన్నెండేళ్లయింది. ఆమెను ఏడిపించలేదని చెప్పను. కొన్నిసార్లు ఏడిపించాను. అలాంటి ప్రతిసారీ ఆమె నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, ఎందుకన్నావ్, ఏమనుకుని అన్నావ్ అని అడిగింది. జవాబు సరిగ్గా వచ్చేదాకా లేవనివ్వలేదు. దేవుడికైతే ఒక కొబ్బరికాయ కొట్టి బయటపడేవాణ్ణి.