ధర్మవరంలో నాగమణి సినిమా

హిందూపురం నుంచి ధర్మవరానికి పొద్దున ప్యాసింజరు బండే సుఖం. బస్సుకంటే టిక్కెట్టు తక్కువ, కూర్చోవడానికి చోటూ దొరుకుతుంది. పోయిన ఆదివారం ఏడున్నరకు అదే ఎక్కాను. నా పాత శిష్యుడు ప్రసాదు, స్నేహితుల దగ్గర చందాలు పోగేసి ఒక చిన్న సినిమా తీశాడు. ఒక టీచరు, ఆమె దగ్గర చదివిన పిల్ల, ఇద్దరి కథ. ఆ టీచరు నేనే. పిల్ల నాగమణి. ధర్మవరంలో ఒక కల్యాణ మండపంలో సినిమా వేస్తూ మా ఇద్దరినీ పిలిచాడు.

పెనుకొండలో నాగమణి ఎక్కింది. గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ఆదివారం డ్యూటీకి సెలవు పెట్టి, ఉన్న ఒక్క పట్టుచీర కట్టుకుని వచ్చింది. తొమ్మిదో తరగతి మధ్యలో ఆమెకు పెళ్ళి చేశారు. అది ఆపాలని వాళ్ళింటి చుట్టూ తిరిగాను, మండలాఫీసుకూ పోయాను. ఆఖరికి వాళ్ళ నాయన నన్ను వాకిట్లోంచే పంపేశాడు. ఇదంతా ప్రసాదుకు పూసగుచ్చినట్టు చెప్పాను.

ఎదురు సీట్లో గొర్రెల బేరానికి పోతున్న పెద్దాయన, "యాడికి పోతాండారమ్మా?" అని అడిగాడు.

"నా సినిమా చూసేకి" అంది నాగమణి సిగ్గుపడుతూ.

ధర్మవరం స్టేషను బయట ఉగ్గాని, బజ్జీ తిన్నాం. కారం ఎక్కువే గాని వేడివేడిగా బాగుంది. ఆటోలో మండపానికి చేరాం.

సగం దాకా మా బడే, మా మాటలే. తర్వాత తెరమీది టీచరు పెళ్ళిపందిట్లోకి నడిచింది. తండ్రి ఏడ్చి తల వంచాడు, పెళ్ళి ఆగిపోయింది. పిల్ల కాలేజీ మెట్లెక్కుతుండగా సినిమా అయిపోయింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. నన్ను పైకి పిలిచి శాలువా కప్పారు. పిల్ల వేషం వేసిన అమ్మాయికి పూలగుత్తి ఇచ్చారు. అసలు నాగమణి ఆఖరి వరసలో కూర్చుని తానూ చప్పట్లు కొడుతోంది.

ప్రసాదును పక్కకు పిలిచి ఇదేమిటని అడిగాను.

"ఓడిపోయిన టీచరును ఎవరు చూస్తారు మేడమ్? జనాలకు రోంత ఆశ ఉండాల కదా" అన్నాడు.

శాలువా అతని చేతిలోనే పెట్టి వచ్చేశాను.

సాయంత్రం బండికి ఇద్దరం తిరిగి బయల్దేరాం. పెనుకొండ దగ్గరపడుతుంటే నాగమణి మెల్లగా అడిగింది.

"మేడమ్, ఆ పిల్ల కాలేజీలో ఏం చదివేకి పోయినట్ల? నాకు తెలీలేదు."

సినిమాలో అది చెప్పలేదన్నాను.

"నేనైతే లెక్కలు తీసుకుంటాంటి" అని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, సంచి తీసుకుని దిగిపోయింది.

హిందూపురం దాకా ఒక్కదాన్నే వచ్చాను. ఆ సినిమా ఇంకా కొన్ని ఊళ్ళలో వేస్తారట. దగ్గర్లో వేస్తే వెళ్ళి చూడండి. ప్రసాదు బాగా తీశాడు. మా బడి వరండా, వానకు కారే కప్పు, సుద్దముక్కల డబ్బా, అన్నీ ఉన్నాయి. నాగమణి బతుకొక్కటే లేదు.