తుపాకీ చెక్క మీది గాట్లు

నాన్న వాడిన పాత సైన్యపు తుపాకీని దుప్పట్లో చుట్టుకుని, సిపాయి కూతురు మేడమెట్లు ఎక్కేసరికి ముసలి మోకాళ్లు మొరాయించాయి. తుపాకీ చెక్కలు బాగుచేసే వడ్రంగి కూడా అలసిపోయి గోడకు చేరగిలబడి ఉన్నాడు.

"ఈ గాట్లు చూడు నాయనా. ఒక్కో గాటుకూ మా నాన్న ఒక్కో మనిషిని చంపాడని మా అన్న చెప్పేవాడు. నిజమేనా? అది తెలిస్తే చాలు, నాకింక ఓపిక లేదు."

వడ్రంగి చెక్కను కిటికీ వెలుగులోకి వాల్చి వేలితో తడిమాడు.

"లెక్కకు పెట్టుకునే గాట్లు లోతుగా, వరసగా ఉంటాయమ్మా. ఇవి వంటింటి చెక్కమీద కత్తి గాట్లలా సన్నగా, ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడ్డాయి. మీ నాన్న దీనిమీద కూరగాయలు తరిగాడు."

"కూరగాయలా! మా అన్న నోరు పడిపోనూ! సైన్యం నుంచి ఇంటికొచ్చాక కూడా వంటంతా నాన్నే చేసేవాడయ్యా."

నవ్వబోయి ఆగిపోయింది. చిన్నప్పుడు నాన్న ముద్ద కలిపి పిలిస్తే, ఆ చేతులకు భయపడి మంచం కింద దూరేది. ఆయన ముద్దను పళ్లెంలోనే వదిలేసి లేచిపోయేవాడు. ఎందుకు దాక్కుంటావని ఆయన ఒక్కసారీ అడగలేదు.

"ఈ గాట్లు చెరిపి మెరుగు పెట్టమంటారా?"

"వద్దయ్యా, ఉండనీ."

తుపాకీని ఒళ్లో పెట్టుకుని అక్కడే చతికిలబడింది.

"కాసేపు కూర్చోనీ. ఇప్పుడే మెట్లు దిగలేను."